తడిసిన సాక్షి

నమోదు 1
మీద 54 డిగ్రీలు. వాడలో 36. గేజ్ సున్నా సరిచూశాను.

సున్నా సంగతి ముందే రాయడానికి కారణం ఉంది. కింద రాయబోయే అంకె చూసినవాళ్లు మొదట నా గేజ్‌ను అనుమానిస్తారు, తర్వాత నా కళ్లను, ఆ తర్వాత నన్ను. అందుకే రెండోసారి కూడా సరిచూశాను. సున్నా సున్నాగానే ఉంది.

ఈ రోజు చెల్లె కొడుకు తొట్టెల, ఊయలలో వేసి పేరు పెట్టే రోజు. ఆరో వాడలో వాళ్లిల్లు. తొట్టె కొక్కేనికి మరిది గోడలో మేకు దించుతుంటే పెద్ద పెచ్చు ఊడిపడి, లోపలి గుంజ బయటపడింది. దాని మీద రెండు ఇత్తడి బొట్లు మెరుస్తున్నాయి. అందరూ పిల్లవాణ్ణి చూస్తున్నారు. నేను బొట్లను చూశాను. చూసి ఊరుకునే బుద్ధి నాకు పుట్టుకతోనే లేదు, సంచిలోంచి గేజ్ తీశాను.

"తొట్టెలకచ్చి గోడను కొలుస్తున్నవేందే! పోరనికి పేరు వెట్టేదుందా లేదా?" అని మా అవ్వ, నన్ను కన్నతల్లే, అందరి ముందూ తిట్టింది.

మా పాతబాయి ఒకప్పటి బొగ్గుగని, బొగ్గు అయిపోయాక అందులోకి మనుషులు దిగారు. మీద ఎండ అలాంటిది. బాయి కప్పును మోసేవి బూడిద గుంజలు, పాత కరెంటు ప్లాంటు బూడిదను జిగురుతో కలిపి పోసినవి. బరువుకు అవి ఏడాదికింత దిగుతాయి. ఎంత దిగాయో తెలియడానికి పోత పోసిననాడే ప్రతి గుంజకూ రెండు ఇత్తడి బొట్లు పెట్టారు. వాటి మధ్య దూరం ఎంత తగ్గితే గుంజ అంత దిగినట్టు. గేజ్ మీద నూటయాభై గీతలు దాటితే గుంజ చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

ఇళ్లు కట్టుకున్నాక గుంజలన్నీ గోడల్లో కలిసిపోయాయి. అందుకని వాడకొక గుంజను నడివీధిలో బయటే ఉంచారు. అదే పోత, అంతే బరువు. అది సాక్షి గుంజ. దాన్ని కొలిస్తే అన్నిటినీ కొలిచినట్టే. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే సాలదా బిడ్డా" అన్నది నా గురువు ఓదెలు సారు నేర్పిన మొదటి పాఠం.

ఆరో వాడ సాక్షి దిగింది ముప్పై ఒక్క గీతలు. పోయిన నెల నేనే కొలిచాను. దాన్నిబట్టే గుంజల ఆయుష్షు కట్టే పెద్దలెక్క ఇంకా నూరేళ్లకు ఢోకా లేదంది. ఆ మాట మీదే వాడ నెత్తిన, పై సీమ్‌లో, అంటే మా మీది బొగ్గు పొర తవ్విన ఖాళీలో, కొత్త నీళ్ల ట్యాంకు కట్టారు. మొదటి వాన పడగానే నింపుతారు.

చెల్లె గోడలోని గుంజ దిగింది నూటపన్నెండు గీతలు.

పిల్లవాడికి విహాన్ అని పేరు పెట్టారట. నేను వినలేదు.

నమోదు 2
మీద 54. వాడలో 36. సున్నా సరే.

పక్కింటివాళ్లను బతిమాలి వాళ్ల గోడ కూడా గీకించాను. అక్కడ నూటనాలుగు. ఇక కాళ్లు నిలవలేదు, ఒకటో వాడకు సారు దగ్గరికి పరుగెత్తాను.

సారుకు కళ్లు మసకబారి ఏడేళ్లవుతోంది. కొలతలు అప్పటినుంచి నావే. అంతకుముందు ఈ బాయిలో కొలత అంటే ఆయనే, లెక్క అంటే కూడా ఆయనే. బరువు, వేడి, కాలం, దిగుడు, ఈ నాలుగూ కలిపి గుంజకు ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలిందో చెప్పే పెద్దలెక్క ఆయన కట్టిందే. బాయి వ్యవహారాలు చూసే కచేరిలో మిషన్ మీద నడుస్తుంది. పెళ్లి సంబంధం చూసినా, గోడ లేపినా మా వాళ్లు ముందు అడిగేది "పెద్దలెక్క ఏమన్నది?" అనే.

బాపు పోయాక తండ్రిలా నన్ను చేరదీసింది ఆయన. బడిలో ఒకనాడు గేజ్ తెచ్చి చూపించి "ఎంతుంది?" అని పిల్లలందరినీ అడిగాడు. ముందు తానే ఇరవై అన్నాడు. అందరూ ఇరవై అన్నారు. నేను "పందొమ్మిది సారూ, మీరు తప్పు సదివిండ్రు" అన్నాను. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి ఈ పిల్లను నాకియ్యమని అవ్వను అడిగాడు. ఆ పందొమ్మిదిని తలుచుకుని నేను పొంగిపోని రోజు లేదు.

రెండు అంకెలూ చెప్పాను. సారు సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టాడు.

"రెండూ పొయ్యి పక్క గుంజలేనాయె. పొయ్యి సెగకు జిగురు మెత్తవడ్తది. ఒక్క మెతుకు మాడితే కుండంత మాడినట్టానే?"

"మీరే కదా సారూ ఒక్క మెతుకు సాలంటిరి."

"మంచి మెతుకు పట్టాలె. తిను, సల్లారిపోతది."

తిన్నాను. ఆయన చెప్పాక మనసు కుదుటపడింది కూడా. ఇంటికొచ్చాకే అనిపించింది, పొయ్యి లేని ఇల్లు ఆరో వాడలో ఏదీ లేదు. ప్రతి గుంజా ఏదో ఒక పొయ్యి పక్కదే.

నమోదు 3
మీద 55. వాడలో 36. సున్నా సరే. థర్మామీటర్ కూడా సరిచూశాను.

పెద్దలెక్కలో వేడి దగ్గర వాడ గాలి వేడినే వేస్తాం, ముప్పై ఆరు. గుంజ కూడా అంతే వేడిగా ఉంటుందని దాని అర్థం. ఉందా లేదా అని నేను ఎన్నడూ చూడలేదు. ఈ రోజు కొలతల రోజు కాదు. మధ్యాహ్నం థర్మామీటర్ పట్టుకుని వెళ్లి సాక్షికి ఆనించాను. ఇరవై ఎనిమిది. చెల్లె గోడలోని గుంజకు ఆనించాను. ముప్పై ఎనిమిది.

పది డిగ్రీలు. జిగురుకు పది డిగ్రీలంటే మాటలు కాదు, వేడిలో మూడింతలు తొందరగా దిగుతుంది. అది చెప్పే సూత్రం పెద్దలెక్కలోనే ఉంది, నాకు నోటికి వచ్చు.

సాక్షి ఎందుకు చల్లగా ఉందో కనుక్కోవడానికి గొప్ప తెలివి అక్కర్లేదు. దాని మొదట్లో నేల తడిగా ఉంది. దాని ఒంటికి మట్టిపూత, దాని మీద తడిగుడ్డ, దాని మీద పసుపు. పొద్దున్నే ప్రతి ఇల్లూ తన వంతు నీళ్లలోంచి ఒక చెంబు ముందు సాక్షికి పోస్తుంది. గుంజ దూప తీరినంకనే మన దూప, దాహం ముందు దానిదే అని ఇక్కడ చంటిపిల్లలకు కూడా వచ్చు. నేనూ పోశాను, నిన్న కూడా పోశాను. వీధి గాలికి ఆ తడి ఆరుతూ ఉంటే గుంజ రోజంతా చల్లబడుతూనే ఉంటుంది. గోడల్లో ఉన్నవాటికి నీళ్లూ లేవు, గాలీ లేదు.

కొలిచే రోజు మాత్రం పూత తీసి, తడి తుడిచి, గుంజ వాడ వేడికి వచ్చేదాకా ఆగి కొలవాలి. సారు పెట్టిన నియమం అది. ఎంత జాగ్రత్త మనిషి అని ఇన్నేళ్లూ మురిసిపోయాను. ఆ నియమం వల్లే గుంజ చల్లదనం నా కంటపడలేదు.

"అవ్వా, సాక్షికి నీళ్లు పొయ్యుడు ఎవ్వలు మొదలువెట్టిండ్రు?"

"ఎవ్వలేంది? మీ సారే. మేం దిగిన మొదటేడు వాడవాడకు తిరిగి చెప్పిండు. నువ్వు నా కడుపుల ఉన్నవప్పుడు. గుంజకు దూపైతే కప్పు కోపానికస్తదన్నడు. మొదటి చెంబు ఆయనే పోసిండు."

సారు ఇంటికి నడిచి వెళ్లాను. ఈసారి పరుగెత్తలేదు. ఆయన నా అడుగుల చప్పుడు విని "కూసో బిడ్డా" అన్నాడు. కూర్చోలేదు.

"సాక్షికి నీళ్లు పొయ్యమన్నది మీరేనా?"

ఆయన ముఖంలో భయం కనిపిస్తుందనుకున్నాను. బరువు దించుకుంటున్నవాడిలా కనిపించాడు.

"నేనే. మొదటేడు నిజమైన కొలతలే తీసిన. పెద్దలెక్క నలభై ఏండ్లన్నది. మీదున్న ఆఫీసోళ్లు నూరేండ్లు లేకుంటె బాయిల ఎవ్వర్ని ఉండనియ్యమన్నరు. మీద మనుషులు పిట్టలు రాలినట్టు రాలుతున్నరు. మీ అవ్వ నిన్ను మోసుకుంట దిగింది. ఎట్ల చెప్పాలె, తిరిగి ఎక్కుమని?"

"గందుకని దొంగ అంకె ఏసిండ్రా?"

"అంకె ఎన్నడు మార్చలె. గుంజను మార్చిన."

"ముప్పై ఏండ్లాయె సారూ. తర్వాతనన్న చెప్పద్దా? ట్యాంకు కడుతుంటెనన్న?"

"మొదటినాడు చెప్పని మాట రెండోనాడు ఇంక బరువైతది."

"నాకు? నాకెందుకు చెప్పలే?"

మసకకళ్లు నా గొంతు వైపు తిప్పాడు. "చెప్తే నీ చెయ్యి వణుకుతుండె. నీ కొలత మీద ఎవ్వలకు అనుమానం రాదు బిడ్డా. పందొమ్మిదిని పందొమ్మిది అనే మనిషివి. గందుకే గదా నిన్ను దీసుకున్నది."

ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. నా జన్మలో ఒక్క తప్పుడు కొలత తీయలేదు. తీయాల్సిన పని లేకుండా ఈయనే చేశాడు, నా చెయ్యి చేరకముందే గుంజను దొంగసాక్షిని చేశాడు. తన అబద్ధాన్ని మోయడానికి నిజం తప్ప పలకని ఒక పిల్లను వెతుక్కుని, పెంచి, సర్వపిండి పెట్టి తయారు చేసుకున్నాడు.

నమోదు 4
మీద 49, మబ్బు. వాడలో 36. గేజ్ లేదు.

గేజ్ ఎందుకు లేదో రాస్తాను. పొద్దున కచేరిలో ఆరో వాడపెద్ద రాజేశం ముందు అంతా చెప్పాను. నూటపన్నెండు, నూటనాలుగు, పది డిగ్రీలు, నీళ్లు, అన్నీ. ట్యాంకు నింపితే ఆరో వాడ నిలవదని చెప్పాను. రాజేశం చెడ్డవాడు కాదు. సారు వైపు తిరిగి "ఏమంటరు సారూ?" అన్నాడు.

సారు ఒప్పుకుంటాడనే అనుకున్నాను. మా ఇద్దరి మధ్య అంత మాట జరిగాక, నలుగురి ముందు నన్ను ఒంటరిని చేయడనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

"చెల్లె పురుడు చూసుకుంట నిద్రల్లేక అలిసింది పోరి" అన్నాడు. "పొయ్యి పక్క గుంజలు కొలిచి బుగులువడ్డది. నాలుగు దినాలు రెస్టు ఇయ్యిండ్రి."

అందరూ జాలిగా నవ్వారు. ఆ జాలి నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. "నీళ్లు పొయ్యుమన్నది ఈయనే, ఎందుకో అడగండి" అని అరిచాను. అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. గుంజ దూప మీద నోరు పారేసుకున్నానని వెనక నుంచి ఎవరో కసిరారు. అవ్వ తల వంచుకుంది. రాజేశం నా గేజ్ తీసుకుని కచేరి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

బయటికి వస్తుంటే సారు నా చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. "నీ మంచికే బిడ్డా" అన్నాడు. విదిలించుకున్నాను. ఆయన ఎప్పుడూ ఒక పక్కకు తూలి నడుస్తాడు, నేను పట్టుకుని నడిపించేదాన్ని. ఈసారి పట్టుకోలేదు.

మీద మబ్బు పట్టిందట. పై సీమ్‌లో పైపులు బిగిస్తున్న చప్పుడు వాడంతా వినిపిస్తోంది.

నమోదు 5
మీద వాన. వాడలో 37. గేజ్ లేదు.

పొద్దున్నే ట్యాంకులోకి నీళ్లు పడటం మొదలైంది. వాడలో పిల్లలు కేకలు వేస్తూ ఎగురుతున్నారు. నేను మరిది సుత్తె తీసుకుని చెల్లె ఇంట్లో ఆ గోడను పూర్తిగా పగలగొట్టాను. చెల్లె పిల్లవాణ్ణి ఎత్తుకుని "పిచ్చి లేసిందా అక్కా" అని ఏడ్చింది. ఆ చప్పుడుకు అవ్వ వచ్చింది, వెనక ఆడవాళ్లంతా వచ్చారు.

నా దగ్గర అంకె లేదు. ఉన్నా ఎవరూ వినరు. అవ్వ చెయ్యి పట్టుకుని గుంజకు ఆనించాను.

"గిదేందే, జరమచ్చినట్టు గింత కాలుతుంది?"

"వీధిలున్న సాక్షిని ముట్టి రా."

వెళ్లి ముట్టుకుని వచ్చింది. మళ్లీ దీని మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు. ఒకరి తర్వాత ఒకరు వీధిలోకి వెళ్లి వచ్చి ముట్టుకున్నారు.

చివరికి అవ్వే అడిగింది. "దీనికి ఎవ్వలు నీళ్లు పోసిండ్రు?"

"ఎవ్వలు పొయ్యలే అవ్వా."

"ముప్పై ఏండ్లు?"

"ముప్పై ఏండ్లు. గోడలల్ల ఉన్నయన్ని గింతే."

పరుగెత్తి పొమ్మంటానని సిద్ధపడి ఉన్నాను. వాళ్లు పరుగెత్తింది ఇళ్లలోకి, చెంబుల కోసం. తాగడానికి దాచుకున్న నీళ్లన్నీ తెచ్చి ఆ గుంజ మీద పోస్తున్నారు. పక్కింటి పెద్దాయిలమ్మత్త దాన్ని కౌగిలించుకుని "మమ్ముల మోసుకుంట దూపకు మాడితివా తల్లీ" అని ఏడ్చింది. నా మాట ఎవరికీ వినపడలేదు. తడికి గుంజ ఒక్కసారి టక్కుమంది. అది మాత్రం అందరికీ వినపడింది.

"పోసింది సాలు!" అని అరిచాను. "దిగిన గుంజ లేవదు. మీరు ఇన్నేండ్లు ఒక్కదానికే పోసిండ్రు, నేను దాన్నే కొలిచిన. మనం పట్టి చూసిన మెతుకు ఈ కుండలది కాదు. పిల్లల్ని ఎత్తుకోండ్రి!"

అప్పుడు కదిలారు. అవ్వ విహాన్‌ను చెల్లె చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకుని ముందు నడిచింది. రాజేశం పరుగున వచ్చి, తన ఇంటి గోడను తనే పగలగొట్టుకుని, చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి తీసి నేరుగా పై సీమ్‌కు ఎక్కి ట్యాంకుకు నీళ్లు ఆపించాడు. ట్యాంకు అప్పటికి పావువంతు నిండింది. ఆరో వాడ ఖాళీ అయింది. జనం నాలుగో వాడ బడిలో పడుకున్నారు.

రాజేశం గేజ్ తెచ్చిచ్చాడు. క్షమించమనలేదు. పెట్టె తాళం కూడా నా చేతిలోనే పెట్టాడు.

నమోదు 6
మీద 46. వాడలో 35. సున్నా సరే.

అన్ని వాడల్లో గోడలు గీకించి లోపలి గుంజలు కొలిచాను. పెద్దలెక్కలో వాటి అసలు వేడి వేశాను. ఇన్నాళ్లూ మనం అడిగినదానికి అది నిజంగానే జవాబు చెప్పింది పాపం, మనం అడిగింది వేరే గుంజ గురించి. ఆరో వాడలో ఇక ఎవరూ కాపురం ఉండరాదని తేలింది. మిగిలిన బాయికి పదేళ్లు.

బడి ముందు జనాన్ని కూర్చోబెట్టి చదివాను. సారు ముందు వరసలోనే కూర్చున్నాడు. పదేళ్లు అన్నప్పుడు ఆయన తల కొంచెం ఊపాడు, శిష్యురాలు లెక్క సరిగ్గా చేసినప్పుడు ఊపినట్టు. ఆ తల ఊపడం చూడగానే నాకు మళ్లీ ఒళ్లు మండింది. నిలబడి నాలుగు మాటలు చెప్తాడేమోనని చూశాను, చెప్పలేదు. జనం కూడా ఆయన్ను ఏమీ అనలేదు. ఆయన అబద్ధం వల్లే చాలామంది ఇక్కడ పుట్టారు, నేను కూడా. ఆ లెక్క ఎటు కూడినా నాకు సున్నా రావడం లేదు.

మీదున్న ఆఫీసువాళ్లు వచ్చే నెల వస్తారు. నిజం కొలత చూసి కొత్త గుంజలకు జిగురు పంపుతారో, బాయి మూయిస్తారో తెలియదు. బూడిద మన దగ్గర కొండంత ఉంది. జిగురు వస్తే పదేళ్లలో వాడకు వాడ కొత్త గుంజలు పోసుకోవచ్చు. జిగురు కావాలంటే నిజం చూపించాలి.

అంతా విని అవ్వ లేచింది. "గదంత సరే. మరి గుంజలకు నీళ్లు పొయ్యాల్నా వద్దా?"

"గోడలు తీసి అన్నిటికి మెల్లమెల్లగ పొయ్యండ్రి, దిగుడు తగ్గుతది. సాక్షికి తప్ప."

"దాన్నొక్కదాన్ని దూపకు సంపుతమా?"

"అన్నిటికంటె ఎక్కువ దూప దానికే ఉండాలె అవ్వా. అప్పుడే అది మన కష్టం చెప్తది."

నాలుగో వాడ రొట్టెల బట్టీ వెనక, బాయిలో అన్నిటికన్నా వేడి చోట, కొత్త సాక్షిని నిలబెట్టాం. మిగిలిన కాస్త జిగురుతో కొత్త పోత, కొత్త బొట్లు. మట్టి లేదు, పసుపు లేదు.

నమోదు 7
మీద 47. వాడలో 35. సున్నా సరే.

ఈ రోజు ఆఫీసువాళ్లు వచ్చే రోజు. వాళ్ల ముందు కొలిచే ముందు ఒకసారి చూద్దామని బట్టీ వెనక్కి వెళ్లాను. సారు సాక్షి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖాళీ చెంబు.

గుంజను ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఒక్కరోజు తడి కాదు అది. మొదట్లో నేల నాచు పట్టేంత నానింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"నిలవెట్టిన రోజు నుంచి." తల ఎత్తలేదు. "వాళ్లు బాయి మూస్తరు బిడ్డా. నాకెర్కే వాళ్లు. ఒక్కసారి నూరేండ్లు అనిపియ్యి. మీ చెల్లె కొడుకు నడిచేదాక. తర్వాత నువ్వే చెప్పు, నేనద్దనను."

పొద్దున్నే మసకకళ్లతో, తూలుతూ, ఒకటో వాడ నుంచి నాలుగో వాడ దాకా గోడలు తడుముకుంటూ రోజూ వచ్చి ఉంటాడు. దారిలో ఎవరో ఒకరు చెయ్యి పట్టి నడిపించే ఉంటారు. తన వంతు నీళ్లు తాగకుండా తెచ్చాడని ఎండిన పెదాలు చెబుతున్నాయి. జాలి కలిగింది. ఆ జాలినే నమ్ముకుని కూర్చున్నాడని తెలిసి, జాలి కన్నా కోపం ఎక్కువ కలిగింది.

వెనక ఆఫీసువాళ్ల బూట్ల చప్పుడు, రాజేశం గొంతు వినిపిస్తున్నాయి. తడి తుడిచి, ఆగి కొలవొచ్చు. గేజ్ సరైన అంకే చూపిస్తుంది. నా చెయ్యి వణకదు. ఆయన నేర్పినట్టే అంతా పద్ధతిగా ఉంటుంది.

గేజ్ సంచిలో పెట్టేశాను. వాళ్లు వచ్చి నిలబడితే చెల్లె గోడలో ఉన్న గుంజ దగ్గరికి నడవమన్నాను. నడిచేముందు వాళ్లందరి ఎదుట ఈ నాలుగు వరసలు రాశాను.

సాక్షి గుంజ, నాలుగో వాడ. కొలత తీయలేదు.
కారణం: గుంజ తడిగా ఉంది.
తడిపిన మనిషి: ఓదెలు.
ఈ కొలతలు నాకు నేర్పినవాడు.